పసిచేతి యీవి

దసరా పండుగకు బడిపంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి వెళ్లు ఆచారము మన తెలుగు పల్లెలలో ఒకనాడు ఉండెడిది. రంగుకాగితములు చుట్టిన విల్లంబులు చేతబట్టుకొని, పిల్లలు గుమ్మము ముందు నిలిచి పద్యములు చదివెడివారు. గృహస్థు పంతులుగారికి తనకు తోచినంత సొమ్ము, పిల్లలకు పప్పుబెల్లములు ఇచ్చి పంపెడివాడు. పంతులుగారి జీతము సరిగా ముట్టని కాలపు ఆచారమది. అందులో ఒక చమత్కారమున్నది. పిల్లలు ముఖ్యముగా అడుగునది తమకు కాదు, తమ గురువునకు. తనకొరకు చేయి చాచుటకు సిగ్గుపడు పిల్లవాడు ఇంకొకరి కొరకు గొంతెత్తి అడుగుటకు వెనుదీయడు. పిల్లలతో మసలు ఉపాధ్యాయులందరికి ఇది తెలిసిన సంగతియే.

అమెరికాలో దీనికి దగ్గరి చుట్టమనదగిన వేడుక ఒకటి ఉన్నది. అక్టోబరు 31వ తేదీ సాయంకాలము పిల్లలు దయ్యముల వేషములు వేసికొని ఇరుగుపొరుగువారి తలుపులు తట్టి మిఠాయిలు పుచ్చుకొందురు. దానిని హాలోవీన్ అందురు. ఫిలడెల్ఫియా నగరమున మేరీ ఎమ్మా అల్లిసన్ అను ఉపాధ్యాయిని ఒకనాడు వీధిలో ఒక ఊరేగింపును చూచి, దాని వెంబడి నడచి వానామేకర్ అను పెద్ద అంగడిలోనికి వెళ్లినది. ఊరేగింపులో ఒక ఆవు కూడ ఉన్నదట. ఆ అంగడిలో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ కొరకు, పరదేశపు పిల్లలకు పాలపొడి పంపుటకై, చందాలు పోగుచేయుచున్నారు. ఆమెకు అప్పుడు ఒక ఆలోచన తట్టినది. 1950 హాలోవీన్ నాడు ఆమె పిల్లలు ఖాళీ అయిన పాల అట్టపెట్టెలు పట్టుకొని బయలుదేరి, మిఠాయిలకు బదులు చిల్లర అడిగినారు. ఆ యేటి రాబడి 17 డాలర్లు. ఆమె భర్త క్లైడ్ అల్లిసన్ ప్రెస్బిటీరియన్ మతాచార్యుడు. ఈ వార్త చర్చిల ద్వారా పాకినది. తరువాతి కాలమున పాల అట్టపెట్టె నారింజరంగు చిన్నపెట్టెగా మారినది. ఇంతవరకు ఆ పెట్టెలలో పడిన సొమ్ము 17 కోట్ల డాలర్లకు పైమాట.

ఆ 1950వ సంవత్సరముననే యూనిసెఫ్‌ను మూసివేయవలెనను చర్చ జరిగినదని చాలమందికి తెలియదు. 1946 డిసెంబరులో యుద్ధమున నష్టపడిన పిల్లల కొరకు పుట్టిన సంస్థ అది. ఐరోపా కోలుకొన్నది గనుక దాని పని అయిపోయినదని ధనిక దేశములు కొన్ని భావించినవి. అప్పుడు పాకిస్తాను ప్రతినిధిగా ఉన్న అహ్మద్ షా బుఖారీ లేచి, మీరు చూపుచున్న యుద్ధబాధిత బాలల చిత్రములలోని ఎముకలగూళ్లు మా దేశమున ఏ యుద్ధము లేకయే నిత్యము కనబడునవే సుమా అను భావము వచ్చునట్లు మాటలాడినాడు. ఈయన పత్రస్ బుఖారీ అను పేరుతో ఉర్దూలో హాస్యవ్యాసములు వ్రాసి నవ్వించిన రచయిత. ఆనాడు సభలో ఎవరును నవ్వియుండరు. 1953లో యూనిసెఫ్ శాశ్వత సంస్థ అయినది.

ఈ కథలో మన పక్షము ఒకటి ఉన్నది. పుచ్చుకొన్నవారి పక్షము. 1955లో గుజరాతునందలి ఆనందులో నెహ్రూగారు ప్రారంభించిన పాలపొడి కర్మాగారమునకు యంత్రములు ఇచ్చిన వారిలో యూనిసెఫ్ ఒకటి. మన బడులలో పాలపొడి కలిపిన పాలు త్రాగి, కేర్ సంస్థ సాయముతో వండిన ఉప్మా తిని, చేయి కడుగుకొని తిరిగి ఎక్కాలు చదువుటకు కూర్చున్నవారు నేటికిని మన యిండ్లలో తాతలుగా, మామ్మలుగా ఉన్నారు. వారినడిగినచో ఆ ఉప్మా రుచి చెప్పుదురు. పంపినవారి పేరు చెప్పలేరు. ఏ ఊరి పిల్ల తన మిఠాయి మానుకొని వేసిన నాణెము ఆ గ్లాసెడు పాలలో ఉన్నదో ఎవరికి ఎరుక? కాబట్టి పరదేశపు బాలలకు మన పిల్లలచేత ఇప్పించుటను గూర్చి ఆలోచించునప్పుడు మనము దాతల గద్దెపై మాత్రమే కూర్చుండి ఆలోచింపరాదు. వరుసలో పళ్లెము పట్టుకొని నిలిచిన అనుభవము మన జాతికి ఉన్నది. అది సిగ్గుపడవలసినది కాదు. ఈ విషయమున మనకు దారిచూపు జ్ఞాపకము.

పిల్లలకు ఈవి నేర్పుటకు మన తల్లులు ఎరిగిన పద్ధతి చాల సూక్ష్మమైనది. సంక్రాంతి నెలలో హరిదాసు వాకిటికి వచ్చినప్పుడు తల్లి బియ్యమును తాను వేయదు. చంటివాని దోసిలిలో పోసి, వాని మోచేతులు తాను పట్టుకొని నడిపించును. హరిదాసు వంగి తలమీది పాత్రను వానికి అందునట్లు చేయును. సగము గింజలు నేలపాలగును. బిడ్డకు దానమనగా ఏమో తెలియదు. కాని తన చేతిలోని బరువు తగ్గుట, ఎదుటివాని పాత్రలో గింజల చప్పుడు వినబడుట, పెద్దవాడొకడు తన యెదుట వంగుట, ఈ మూడును వాని ఒంటికి తెలియును. ఇచ్చుటకు ముందు చేతిలో ఏదో ఉండవలెను, ఇచ్చిన తరువాత అది ఉండరాదు. ఇంతకు మించిన పాఠము ఆ వయస్సున అక్కరలేదు.

పరదేశపు బిడ్డకు ఇచ్చునప్పుడు ఈ మూడింటిలో రెండు పోవును. పాత్ర కనబడదు, చప్పుడు వినబడదు. తండ్రి సంచిలోనుండి తీసి ఇచ్చిన నూరు రూపాయల నోటును పిల్లవాడు బడిలో పంతులమ్మగారికి అప్పగించినచో చేతి బరువు తగ్గుట కూడ లేదు. అప్పుడు వాడు దాత కాడు, తపాలాబంట్రోతు. మన పాఠశాలలలో జరుగు చందాలలో చాలవరకు ఇట్టివే అనుటకు నాకు సందేహము లేదు.

ఈ కనబడని తనమును పూరించుటకై కొన్ని సంస్థలు చిత్రములు చూపినవి. డొక్కలెగసిన బిడ్డ, ముక్కుమీద ఈగ, చుట్టును ఎడారి. జాలి తప్పక పుట్టును. కాని ఆ చిత్రమును చూచిన బిడ్డ నేర్చుకొనునదేమి? లోకములో ఇచ్చు పిల్లలు వేరు, పుచ్చుకొను పిల్లలు వేరు అని. ఆ పరదేశపు బిడ్డకు పేరు లేదు, అల్లరి లేదు, అక్క లేదు, ఆకలి తప్ప మరేమియు లేదు. ఐరోపాలోని స్వచ్ఛంద సంస్థలే ఇందలి దోషమును గుర్తించి 1989లో ఇట్టి చిత్రములను గూర్చి తమకు తాము ఒక నియమావళి ఏర్పరచుకొన్నవి. తైత్తిరీయోపనిషత్తున ఆచార్యుడు చదువు ముగించిన శిష్యునకు చెప్పు హితవులలో, ఇచ్చునప్పుడు శ్రద్ధతోబాటు లజ్జయు ఉండవలెనని ఉన్నది. పుచ్చుకొనువానికి సిగ్గు ఉండుట లోకసహజము. ఇచ్చువానికి సిగ్గు ఉండవలెననుట గొప్ప మాట. జాలిచిత్రము ఆ సిగ్గును చంపివేయును.

రెండవ ఆపద పాతబట్టల మూట. ఇంటిలో పనికిరానిదానిని వదలించుకొనుటకు దానమను పేరు పెట్టుట. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు నాగపట్నము ప్రాంతమునకు దేశపు నలుమూలలనుండి పోగైన వాడిన బట్టలు రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడియున్న సంగతి అప్పటి పత్రికలన్నియు వ్రాసినవి. చేపలవేటతో తలయెత్తుకొని బ్రతికిన కుటుంబములవారు ఒకరు విడిచిన బట్ట కట్టుకొనుటకు ఇష్టపడలేదు. ఇందులో తప్పెవరిది? దీనికి జవాబు చాల పురాతనమైన ఒక కథలో ఉన్నది. కఠోపనిషత్తున వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయు యజ్ఞము తలపెట్టి, పాలు వట్టిపోయిన ముసలి ఆవులను, ఇక నీరు త్రాగుటకు మేత మేయుటకు కూడ ఓపిక లేనివానిని బ్రాహ్మణులకు తోలుచున్నాడు. ప్రక్కన నిలిచి చూచుచున్న పసివాడు నచికేతుడు. వానికి లోపల ఏదో కలుక్కుమన్నది. నన్ను ఎవరికిచ్చెదవని తండ్రిని అడిగినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడవసారి తండ్రికి కోపము వచ్చి మృత్యువునకు ఇచ్చితిననుట, తరువాతి కథ, అందరెరిగినదే. తత్త్వశాస్త్రజ్ఞులు తరువాతి భాగమును విప్పి చెప్పుదురు. నావంటి బడిపంతులు జాతివానికి మాత్రము మొదటి ఘట్టముననే కావలసినంత ఉన్నది. పిల్లలు మన దానమును చూచుచున్నారు. ఏ ఆవును తోలుచున్నామో వారికి తెలియును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన వృత్తాంతమునకు వచ్చెదను.

1946 నవంబరులో వాషింగ్టన్ నగరమున ఒక విందు జరిగినది. ఆ యేడు పసిఫిక్ మహాసముద్రములోని బికినీ దీవులయొద్ద అమెరికావారు జరిపిన అణుబాంబు పరీక్షలకు నాయకత్వము వహించిన నౌకాసేనాధిపతి బ్లాండీ తన భార్యతో కలిసి ఆ విందులో ఒక కేకు కోసినాడు. ఆ కేకు అణుబాంబు ప్రేలినప్పుడు లేచు పొగగొడుగు ఆకారమున ఉన్నది. ఆ ఛాయాచిత్రము పత్రికలో వచ్చినది. ఆ నగరముననే ఆల్ సోల్స్ అను యూనిటేరియన్ చర్చికి ఆచార్యుడైన పావెల్ డేవిస్ దానిని చూచి మండిపడి, మరుసటి ఆదివారపు ప్రసంగమున తన దేశపు మొగమునకు అద్దము పట్టినాడు. ఆ ప్రసంగము జపానులో అమెరికా పాలకవర్గమున విద్యాశాఖలో పనిచేయుచున్న హోవర్డ్ బెల్ అను ఉద్యోగి కంటబడినది. అచ్చటి బడిపిల్లలకు వ్రాసికొనుటకు పెన్సిళ్లు కూడ లేవని ఆయన ఉత్తరము వ్రాసినాడు.

డేవిస్ ఆ ఉత్తరమును తన చర్చి పిల్లల ముందుంచినాడు. 1947లో ఆ పిల్లలు అర టన్నుకు పైగా పెన్సిళ్లు, రంగుల క్రేయాన్లు, కాగితములు పోగుచేసి హిరోషిమాకు పంపినారు. అవి చేరిన బడులలో హొన్‌కావా ప్రాథమిక పాఠశాల ఒకటి. ఆ బడికిని, 1945 ఆగష్టు 6వ తేదీన బాంబు ప్రేలిన చోటికిని నడుమ దూరము అర కిలోమీటరు కంటె తక్కువ. ఆ ఉదయమున బడిలో ఉన్న దాదాపు 400 మంది పిల్లలు చనిపోయినారు. బ్రతికి బయటపడినది ఒక విద్యార్థిని, ఒక ఉపాధ్యాయిని. కాంక్రీటు కట్టడము గనుక మాడిన గోడలు నిలిచినవి. ఆ గోడల మధ్యనే మరుసటి యేడు బడి తిరిగి తెరచినారు. ఊరి వెలుపలికి పంపబడి బ్రతికినవారు, తల్లిదండ్రులను పోగొట్టుకొన్నవారు వచ్చి కూర్చున్నారు. అట్టి గదిలోనికి, బాంబు వేసిన దేశపు పిల్లలు పంపిన రంగుల పెట్టెలు వచ్చినవి.

ఆ పిల్లలు ఆ రంగులతో ఏమి గీసియుందురు? మనమైతే మంటలు, శవములు, కూలిన ఇండ్లు గీసియుందురని ఊహింతుము. గీసినవి పూచిన చెట్లు, ఆటలాడుకొను పిల్లలు, ఊరి దృశ్యములు. కాంతిమంతమైన రంగులు. వానిని, చేతివ్రాత పటములను కలిపి 1948లో వాషింగ్టన్ చర్చికి పంపినారు. ఆ చిత్రములు అచ్చట చాల సంవత్సరములు పెట్టెలో మరుగున పడియుండి, ఈ శతాబ్దమున బయటపడినవి. వానిని శుభ్రము చేయించి 2010లో హొన్‌కావా బడికి తీసికొనిపోయి ప్రదర్శించినారు. అప్పటికి డెబ్బది యేండ్లకు వచ్చిన ఆ చిత్రకారులలో కొందరు తాము పసితనమున గీసిన బొమ్మలను మరల చూచుకొన్నారు. 2013లో ఈ కథ ఒక డాక్యుమెంటరీ చిత్రమైనది.

ఈ వృత్తాంతములో మూడు సంగతులు నన్ను ఆకర్షించినవి. వాషింగ్టన్ పిల్లలు పంపినది తాము ప్రతిదినము చేతబట్టు వస్తువు; పెన్సిలు లేని బడి ఎట్లుండునో వారు ఊహించుకొనగలరు. ఆకలిని ఊహించుకొనుట కడుపు నిండిన బిడ్డకు అసాధ్యము. పెన్సిలు లేకపోవుట సాధ్యము. రెండవది, ఎవరికి ఏమి కావలెనో అచ్చట ఉన్న మనిషి చెప్పగా పంపినారు. 1990లో వేల్సు దేశపు రెక్స్‌హామ్ పట్టణమున మొదలై, రుమేనియా అనాథబాలలకు చెప్పుల అట్టపెట్టెలలో బొమ్మలు పంపిన ఉద్యమము తరువాత లోకమంతటికి వ్యాపించినది. పెట్టె నింపుటలో పిల్లలకు గల ఆనందము నిజమైనదే. కాని ఆ పెట్టెలో ఏముండవలెనో నిర్ణయించునది నింపువారే. వానితోబాటు మతప్రచారపు కాగితములు పంచుట ఉన్నదన్న విమర్శయు కలదు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. హొన్‌కావా పిల్లలు తిరిగి ఇచ్చినారు. కృతజ్ఞత చెప్పుట వేరు, ఇచ్చుట వేరు. వారు పంపిన బొమ్మలను చర్చివారు డెబ్బది యేండ్లు దాచుకొన్నారు, వీరు పంపిన పెన్సిళ్లు నాలుగు నెలలలో అరిగిపోయియుండును. ఎవరు దాత, ఎవరు ప్రతిగ్రహీత?

శత్రుదేశపు బిడ్డకు పెట్టుట అంతకు ముందు తరమున నేరమైనంత పని అయినది. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919లో ఆస్ట్రియా బాలల ఆకలిని చూపు కరపత్రములు లండనులో పంచినందుకు ఒకప్పటి ఉపాధ్యాయినియైన ఎగ్లాంటైన్ జెబ్‌కు కోర్టు 5 పౌనుల జుర్మానా విధించినది. ఆ సొమ్మును ప్రభుత్వపక్షపు న్యాయవాదియే ఆమెకు ఇచ్చినాడు. సేవ్ ది చిల్డ్రన్ సంస్థకు అది తొలి విరాళమని చెప్పుదురు.

మన దేశము ఇచ్చిన కథయు ఒకటి ఉన్నది. 1943లో టోకియోలోని ఉయెనో జంతుశాలలో, వైమానికదాడులలో మృగములు తప్పించుకొనునేమోనను భయముతో ఏనుగులను తిండి పెట్టక చంపినారు. యుద్ధము ముగిసిన తరువాత ఏనుగును చూడని ఒక తరము పెరిగినది. ఆ పిల్లలు నెహ్రూగారికి ఉత్తరములు వ్రాసినారు, మాకొక ఏనుగు కావలెనని. 1949లో ఆయన ఇందిర అను ఏనుగును పంపి, ఇది నా కానుక కాదు, భారతదేశపు బాలలు జపాను బాలలకు ఇచ్చు కానుక అని వ్రాసినారు. అది 1983 వరకు అచ్చట బ్రతికినది. అప్పుడు మనమింకను తిండిగింజలకు ఇతరుల ముఖము చూచుచున్న దేశము. పేదవాడు ఇచ్చిన కానుక గనుక దాని సొగసు వేరు. అయినను ఒక చిన్న మాట అనక తప్పదు: భారతదేశపు బాలలను ఎవరును అడుగలేదు! ఏనుగు వెళ్లిన సంగతి వారిలో ఎందరికి తెలియునో.

ఉపాధ్యాయ మిత్రులు ఇచ్చట ఒక ప్రశ్న వేయుదురు. మన వీధిలోనే చదువు మానిన పిల్లలుండగా పరదేశపు పిల్లల మాట ఎందుకు, ఇంట గెలిచి కదా రచ్చ గెలువవలె? న్యాయమైన ప్రశ్న. ఆంగ్ల నవలాకారుడు డికెన్స్ తన బ్లీక్ హౌస్ నవలలో మిసెస్ జెల్లీబీ అను పాత్రను సృష్టించి ఇట్టివారిని చక్కగా ఎగతాళి చేసినాడు. ఆమెకు ఆఫ్రికా ప్రజల ఉద్ధరణ తప్ప వేరు ధ్యాస లేదు. కన్నబిడ్డలు మెట్లమీదనుండి దొర్లిపడినను తలయెత్తదు. కాని నేను చూచినంతలో, దూరమున ఉన్నవారి కొరకు కదలిన పిల్లవాడు దగ్గరివారియెడ రాయిగా ఉండుట అరుదు. దగ్గరివారికి పెట్టుటలో ఒక చిక్కు కూడ ఉన్నది. ప్రక్క బెంచీ పిల్లకు నోటుపుస్తకమిచ్చిన పిల్ల, ఆ సంగతి మరచుట కష్టము. పుచ్చుకొన్న పిల్ల మరచుట అంతకంటె కష్టము. 2015 ఏప్రిలులో నేపాలున భూకంపము వచ్చినప్పుడు పంపినదానికి ఆ బరువు లేదు. దూరము వలన ఈవికి కలుగు మేలు ఇది ఒక్కటే, కాని చిన్నది కాదు.

ఇక మన బడులలో చేయుచున్న పని. ప్రార్థనవేళ ఎవరెంత తెచ్చినారో పేరుపేరున చదువుట, ఎక్కువ తెచ్చినవానికి చప్పట్లు కొట్టించుట, బల్లంత చెక్కు నమూనాతో ఛాయాచిత్రము తీయించుట. దీనివలన ధనికుల బిడ్డ గర్వము, పేదవాని బిడ్డ అవమానము నేర్చుకొందురు. ఈవి ఎవరును నేర్చుకొనరు. ఇంతకంటె చందాయే లేకపోవుట మేలు. చేయదలచినచో మూతి ఇరుకైన కుండ ఒకటి గది మూలనుంచి, పిల్లలందరును వరుసగా మూసిన పిడికిలి అందులోనికి పోనిచ్చి తెరచి రావలెను. వట్టి పిడికిలి ఎవరిదో, నాణెము ఎవరిదో ఎవరికిని తెలియరాదు, ఉపాధ్యాయునకు సహితము. తండ్రిని అడిగి తెచ్చిన సొమ్ము వద్దని, తాను కొనుక్కొనదలచిన చాక్లెట్టు ఒకటి మానుకొన్న సొమ్ము చాలునని ముందుగనే చెప్పవలెను.

అట్లు పోగగునది కొంచెమే. చిల్లర పోగుచేయుట ఖర్చుతో కూడిన పని అనుట కూడ నిజము. కెనడాలో 1955 నుండి నడచిన నారింజపెట్టెలను 2006లో మాన్పించుటకు నాణెములను లెక్కించి తరలించు శ్రమ ఒక కారణము, ఇంటింటికి తిరుగు పిల్లల క్షేమము ఒక కారణము. మన బడిలో ఆ లెక్కను పిల్లలే చేయవచ్చును. అది వారి గణితపు గంట. ఆ సొమ్ము నేపాలు రూపాయలలో ఎంతయగునో, దానికి అచ్చట ఎన్ని పలకలు వచ్చునో కట్టుట ఇంకొక గంట. ఆ దేశమున ఏ నదులున్నవి, పిల్లలు ఏ భాష చదువుకొందురు, బడికి ఎంతదూరము నడచిపోవుదురు, ఇది భూగోళము. విదేశములకు సొమ్ము, సామాను పంపుటకు ప్రభుత్వ నియమములున్నవి గనుక బడి తానుగా పంపబూనక గుర్తింపు గల సంస్థ చేతికి ఇచ్చుట మంచిది. రసీదును గోడకు అంటించిన చాలును, ఛాయాచిత్రమక్కరలేదు.

ఒక ఉత్తరము కూడ వ్రాయించవలెను. అందులో మేము మీకు ఇంత పంపినామని ఉండరాదు, మీ కష్టమునకు విచారించుచున్నామని కూడ వద్దు. మా ఊరిలో చెరువున్నది, ఈ యేడు నిండలేదు, మధ్యాహ్నపు సెలవులో మేము కబాడీ ఆడుదుము, మీరేమి ఆడుదురు అని వ్రాయవలెను. జవాబు రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినచో ప్రధానోపాధ్యాయుని బీరువాలో పెట్టక, తరగతిలో వెనుకబెంచీ పిల్లవానిచేత మొదట చదివించవలెను.